గాలిలో గట్టిగా, నేల మీద వదులుగా: పాత ల్యాండ్ క్రూజర్ పికప్ ముందు సస్పెన్షన్ బుష్‌ల కేస్ స్టడీ

ఒమాన్‌లోని నిజ్వాలో, సనయ్యా అని అందరూ పిలిచే పారిశ్రామికవాడలో నేను పనిచేస్తున్న షెడ్డుకు, పోయిన దానిమ్మల కాలంలో 2005 మోడల్ టొయోటా ల్యాండ్ క్రూజర్ 79 పికప్ ఒకటి వచ్చింది. మీటరు 3,40,000 కి.మీ. దాటి ఉంది. యజమానికి జబల్ అఖ్దర్ మీద సైక్ దగ్గర తోటలున్నాయి. దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పీఠభూమి నుంచి ఈ బండి వారానికి నాలుగైదు సార్లు పళ్ళ పెట్టెలతో నిజ్వా సంతకు దిగుతుంది. ఆ దారి ఎంత నిటారంటే, బిర్కత్ అల్ మౌజ్ దగ్గరి పోలీసు చెక్‌పోస్టులో ఫోర్-వీల్ డ్రైవ్ కాని బండిని పైకి వదలరు. అంతటి దిగుడులో, అదీ లోడుతో, బ్రేకు పని ఎక్కువ భాగం ముందు యాక్సిల్ (ఇరుసు) మీద పడుతుంది. ఈ కేసు మొత్తానికీ ఆ దిగుడే మూలం.

డ్రైవరు జగిత్యాల వైపు కుర్రవాడు. "అన్నా, దిగుడుల బ్రేక్ మీద కాలు పెడితే బండి ఎడమకు గుంజుతున్నది, కాలు తీస్తే మల్ల సక్కగైతది. ఎనభైల ఏదన్నా గుంత తగిలితే స్టీరింగ్ చేతుల ఆగుతలేదు," అన్నాడు. నేను ఈ మాటలను ఉన్నవి ఉన్నట్టు నోటుబుక్కులో రాసుకున్నాను. మెకానిక్ తన భాషలోకి మార్చి రాసుకుంటే అసలు సమాచారం సగం పోతుందని అనుభవంతో తెలిసింది. ఇక్కడ ఉన్నవి రెండు ఫిర్యాదులు: బ్రేకు మీద లాగడం ఒకటి, వేగంలో ఊగడం మరొకటి. ఇంకా గుచ్చి అడిగితే మూడోదీ బయటపడింది. ముందుకు పోతూ బ్రేకు వేస్తే "టక్" అని ఒకే ఒక్క చప్పుడు, తర్వాత రివర్సులో బ్రేకు వేస్తే మళ్ళీ ఒకే ఒక్క "టక్". గతుకుల మీద గలగలమని ఆగకుండా వచ్చే చప్పుడు వేరు, దిశ మారినప్పుడు మాత్రమే ఒక్కసారి వచ్చే చప్పుడు వేరు. రెండోది వినిపిస్తే, ఎక్కడో ఒక భాగం వదులై, ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగి ఇనుముకు ఇనుము తగులుతోందని అర్థం.

మా దగ్గరికి రాకముందు ఒక షెడ్డులో స్టీరింగ్ డంపరు (స్టీరింగు ఊపును అణచే షాక్ అబ్జార్బరు) మార్చారు, టై రాడ్ ఎండ్లు మార్చారు, చక్రాలు బ్యాలెన్సు చేయించారు, మూడుసార్లు అలైన్‌మెంటు చేయించారు, ఎడమ బ్రేకు కాలిపర్ విప్పి సీళ్ళు కొత్తవి వేశారు. ఒక్కొక్క పని తర్వాత కొన్నాళ్ళు తగ్గినట్టు అనిపించి, మళ్ళీ మొదటికి వచ్చేది.

తనిఖీ గురించి చెప్పేముందు ఈ బండి ముందు భాగం ఎలా కట్టి ఉంటుందో చెప్పాలి. 1999లో ఈ పికప్‌కు ముందువైపు కమాను పట్టీలు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. కమాను పట్టీ బరువు మోస్తూనే యాక్సిల్‌ను దాని చోట పట్టి ఉంచుతుంది కానీ, కాయిల్ స్ప్రింగు బరువు మాత్రమే మోస్తుంది. అందువల్ల యాక్సిల్ ముందుకూ వెనక్కూ పోకుండా, తన చుట్టూ తాను తిరగకుండా ఆపడానికి అటొకటి ఇటొకటి రెండు పొడవాటి లీడింగ్ ఆర్ములు, పక్కకు జరగకుండా ఆపడానికి అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్డు ఉంటాయి. ఒక్కొక్క ఆర్ముకు యాక్సిల్ ముందు ఒక బుష్ (ఇనుప భాగాలు కలిసే చోట వాటి మధ్య ఉండే రబ్బరు దిమ్మ), యాక్సిల్ వెనక ఒక బుష్, ఛాసిస్ (బండి చట్రం) దగ్గర ఒక బుష్ ఉంటాయి. రెండు ఆర్ములకు కలిపి ఆరు, పాన్‌హార్డ్ రాడ్డుకు రెండు, అన్నీ రబ్బరువే. ఒక చక్రం రాయి ఎక్కి రెండోది గుంతలోకి దిగినప్పుడు రెండు ఆర్ములూ కలిసి యాక్సిల్ హౌసింగును బట్ట పిండినట్టు మెలిపెట్టాలని చూస్తాయి. హౌసింగు మెలితిరగదు కాబట్టి ఆ మెలికంతా ఈ రబ్బర్లే భరిస్తాయి. మెత్తగా ఉండటం వాటి పనిలో భాగం. ఎంత మెత్తదనం పని, ఎంత మెత్తదనం జబ్బు అన్నది తేల్చడమే కష్టం.

మొదట బుష్‌లు కానివాటిని పక్కన పెట్టాను. ముందు చక్రాల హబ్‌లు రెండూ ఫ్రీలో పెట్టి, గేరును టూ-హెచ్‌లో ఉంచి, అంటే ఇంజను బలం వెనక చక్రాలకే పోయేలా, ముందు షాఫ్టు తిరగకుండా చేసి నడిపితే చప్పుడు అలాగే వచ్చింది. అంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు, క్రాస్‌లు, డిఫరెన్షియల్ దీనికి కారణం కావు. ఫోర్-వీల్ డ్రైవ్ బండిలో ఇది ఐదు నిమిషాల పని, అయినా చాలామంది దీన్ని దాటేసి ముందు షాఫ్టు క్రాస్‌లు మార్చేస్తారు. ముందు టైర్లను వెనక్కి మార్చి చూశాను, లాగడం ఎడమకే ఉంది. లోడుతో దిగి వచ్చిన వెంటనే డిస్కుల వేడి కొలిస్తే ఎడమ 212 డిగ్రీలు, కుడి 205 డిగ్రీలు. ఆ తేడాతో బండి లాగదు, కాబట్టి బ్రేకులు సమానంగానే పట్టుతున్నాయి. చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమవైపు కొద్దిగా ఆట తగిలింది. ఒక మనిషితో బ్రేకు గట్టిగా నొక్కించి మళ్ళీ ఊపాను. బ్రేకు నొక్కినప్పుడు ఆట పోతే చక్రం బేరింగు వదులని, నొక్కినా ఉంటే కింగ్ పిన్ (స్టీరింగుతో చక్రం తిరిగే కీలు) బేరింగు అరిగిందని లెక్క. ఇక్కడ పోయింది. బేరింగు నట్టు సరిచేశాను. అసలు ఫిర్యాదు రవ్వంతైనా తగ్గలేదు.

తర్వాత అందరూ చేసేదే నేనూ చేశాను. జాకీ మీద ఛాసిస్‌ను లేపి, యాక్సిల్‌ను వేలాడనిచ్చి, ఆర్ముకూ బ్రాకెట్టుకూ మధ్య పొడవాటి టామీ రాడ్డు దూర్చి ఒక్కొక్క బుష్‌నూ కదిలించి చూశాను. ఆరూ గట్టిగానే అనిపించాయి. రబ్బరు అంచుల మీద సన్నని చీలికలు కనిపించాయి గానీ, పద్దెనిమిదేళ్ళు దాటిన బండిలో, ఈ ఎండల్లో, ఏ రబ్బరు చూసినా అవి ఉంటాయి. పైపై చీలికలను చూసి బుష్ పోయిందని చెప్పడం తప్పు. అవి లేవు కాబట్టి బుష్ బాగుందని చెప్పడం అంతకంటే పెద్ద తప్పు.

ఇక పాన్‌హార్డ్ రాడ్డు. దీనికి బండిని దించి నాలుగు చక్రాలూ నేల మీద ఆన్చాలి. ఇంజను స్టార్టు చేసి, కుర్రవాడిని స్టీరింగును జానెడు ఎడమకూ జానెడు కుడికీ త్వరత్వరగా తిప్పమని, నేను కింద పడుకుని రాడ్డు చివరకూ బ్రాకెట్టుకూ మధ్య సందులో వేలు ఆనించాను. ఛాసిస్ చివర కదలిక లేదు. యాక్సిల్ చివర మాత్రం స్టీరింగు దిశ మారిన ప్రతిసారీ రాడ్డు కన్ను నా వేలిని నొక్కి వదిలేది. మూడు మి.మీ. తక్కువ లేదు. విప్పి చూస్తే రబ్బరు లోపలి ఉక్కు గొట్టాన్ని పూర్తిగా వదిలేసి ఉంది. అయితే బ్రాకెట్టు రంధ్రం మాత్రం గుండ్రంగానే ఉంది, కోడిగుడ్డులా సాగలేదు. సాగి ఉంటే ఎన్ని బుష్‌లు మార్చినా ఉపయోగం ఉండేది కాదు. ఊగడానికి కారణం ఇదే. గుంతకు తగిలి యాక్సిల్ పక్కకు జరిగితే, ఛాసిస్‌కు బిగిసి ఉన్న స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే డ్రాగ్ లింక్ అనే కడ్డీ ఆ జరుగుడుకు చక్రాలను తిప్పుతుంది. తిరిగిన చక్రాలు యాక్సిల్‌ను రెండో వైపుకు నెడతాయి, అది మళ్ళీ చక్రాలను తిప్పుతుంది. ఆ ఊపు దానంతట అది పెరుగుతుంది. కొత్త డంపరు ఆ ఊపును కొన్ని నెలలు కప్పిపెట్టింది, అంతే. నా మట్టుకు నేను ఊగే బండికి డంపరు మార్చడం చికిత్సగా లెక్కపెట్టను.

పాన్‌హార్డ్ బుష్‌లు రెండూ మార్చి, 80లో, 100లో నడిపి చూశాను. ఊగడం పూర్తిగా పోయింది. బ్రేకు మీద లాగడం కూడా చదును రోడ్డు మీద తగ్గినట్టే తోచింది. బండి ఇచ్చేశాను. ఇది నా పొరపాటు, ఇక్కడ చెప్పకుండా దాటేయడం న్యాయం కాదు. ఫిర్యాదులు మూడు ఉండగా, ఒకదానికి కారణం దొరికిన సంతోషంలో మిగతా రెండూ దాంతోనే తీరిపోయాయని అనుకున్నాను. లోడుతో దిగుడులో పరీక్షించలేదు. నాలుగో రోజున కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. "ఊగుడు పోయిందన్నా, గుంజుడు గట్లనే ఉన్నది," అన్నాడు.

ఆ రాత్రి ఆలోచిస్తే నా తనిఖీలో ఉన్న లోపం అర్థమైంది. యాక్సిల్ వేలాడుతున్నప్పుడు దాని బరువంతా ఆర్ముల మీద ఒకే దిశలో ఉంటుంది. బుష్‌లో వదులున్నా, ఆ బరువు దాన్ని ఒక చివరకు లాగి పట్టేస్తుంది. అప్పుడు టామీ రాడ్డుతో నేను పెట్టే బలం, లోడు బండి ఒక్కసారి బ్రేకు వేసినప్పుడు వచ్చే బలం ముందు ఏ మూలకూ చాలదు. పైగా నేను కదిలించింది ఎక్కువగా పైకీ కిందికీ. బ్రేకు బలం పనిచేసేది ముందు నుంచి వెనక్కు. బుష్ ఏ దిశలో పనిచేస్తుందో ఆ దిశలో, ఏ బరువు మోస్తుందో ఆ బరువు కింద చూస్తేనే దాని నిజం తెలుస్తుంది. పాన్‌హార్డ్ రాడ్డుకు నేను పాటించిన పద్ధతిని ఆర్ములకు పాటించలేదు.

మరుసటి రోజు ఎడమ ఆర్ము మీదా, దాని పక్కన యాక్సిల్ బ్రాకెట్టు మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక నిలువు గీత గీశాను. కుడివైపు కూడా అలాగే గీశాను. బండి వెనక 500 కిలోల ఇసుక సంచులు వేశాము. అయస్కాంతం ఉన్న పట్టుతో పాత ఫోనును ఛాసిస్‌కు బిగించి, కెమెరా ఆ గీత మీద ఉండేలా పెట్టి, స్లో మోషన్‌లో వీడియో మొదలుపెట్టాము. షెడ్డు వెనక మైదానంలో నడక వేగంతో ముందుకు పోతూ బ్రేకు, రివర్సులో పోతూ బ్రేకు, ఒక్కొక్క వైపు ఐదేసి సార్లు. వీడియో చూస్తే కుడివైపు గీత బ్రేకు పడినప్పుడు రెండు మి.మీ. విరిగి, మళ్ళీ మెల్లగా ఒకటైంది. రబ్బరు చేయవలసిన పని అది. ఎడమవైపు బ్రాకెట్టు ఏడు మి.మీ. వెనక్కు జరిగి, అక్కడ ఠక్కున ఆగింది. ఆగిన ఆ క్షణంలోనే చప్పుడు కూడా రికార్డయింది. రివర్సులో బ్రేకు వేస్తే అంతే దూరం ముందుకు జరిగి మళ్ళీ ఠక్కున ఆగింది.

కుర్రవాడు చెప్పింది ఇదే. బ్రేకు వేయగానే యాక్సిల్ ఎడమ చివర కుడి చివరకంటే ఐదు మి.మీ. వెనక్కు పోతోంది, కాబట్టి యాక్సిల్ మొత్తం ఎడమకు వంకరగా నిలబడుతోంది, బండి ఎడమకు పోతోంది. కాలు తీయగానే యాక్సిల్ తన చోటికి వచ్చేస్తోంది, బండి చక్కబడుతోంది. మూడుసార్లు చేయించిన అలైన్‌మెంటులో ఇది ఎందుకు దొరకలేదో కూడా దీంతో తెలిసింది. ఆ కాగితాల్లో క్యాస్టర్ (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం ముందువెనకలకు వాలిన కోణం) ఎడమ 2.3, కుడి 2.4 డిగ్రీలు. ఒకే హౌసింగుకు రెండు చివరలు కాబట్టి, హౌసింగు వంగితే తప్ప ఈ రెండు అంకెలూ దగ్గరగానే ఉంటాయి. పైగా బ్రేకు వేసినప్పుడు హౌసింగు తన చుట్టూ తాను తిరగకుండా కుడి ఆర్ము ఒక్కటే ఆపుతూ వచ్చింది. నిలబెట్టి, బ్రేకు బరువు లేకుండా కొలిచే యంత్రానికి ఈ జబ్బు కనిపించే దారి లేదు. ఇలాంటి యాక్సిల్‌కు అలైన్‌మెంటు షాపులో మార్చగలిగేది టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఒక్కటే. వాళ్ళు దాన్నే తిప్పుతూ పోయారు.

ఎడమ ఆర్ము విప్పాము. ముందు బుష్ మీద వేలు పెట్టి నొక్కితే రబ్బరు మామిడి తాండ్రలా మెత్తగా దిగి, వేలికి నల్లగా జిడ్డుగా అంటింది. ఉబ్బి ఉక్కు పొర అంచు దాటి బయటికి పొంగి ఉంది. వాసన చూస్తే స్టీరింగ్ నూనె. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు కాబట్టి బాక్స్ కూడా ఎడమ ఛాసిస్ మీదే ఉంటుంది. దాని కింది సీలు చాలాకాలంగా కారుతూ, బొట్టు బొట్టుగా ఆర్ము ముందు కన్ను మీదికి దిగింది. రబ్బరుకు నూనె విషంతో సమానం. కిర్రుమంటోందని బుష్‌ల మీద డీజిలో, పాత ఆయిలో పిచికారీ చేసేవాళ్ళను చూస్తే నాకు బాధ కలిగేది ఇందుకే. ఈ బుష్‌లో జారే భాగమే లేదు. బయట ఉక్కు పొర, లోపల ఉక్కు గొట్టం, రెండింటికీ అతికి ఉన్న రబ్బరు, ఇంతే.

వెనక బుష్ కథ వేరు. దాని మీద నూనె లేదు, రబ్బరు గట్టిగానే ఉంది. కానీ లోపలి గొట్టం చుట్టూ చీలిక ఏటవాలుగా, మరమేకు చుట్టులా తిరిగి, పూర్తిగా తెగిపోయింది. ముందు బుష్ మెత్తబడి చేతులెత్తేశాక బలమంతా దీని మీద పడింది నిజమే గానీ, బలానికి మాత్రమే తెగితే చీలిక ముందు వెనకలుగా ఉండాలి, చుట్టు తిరగకూడదు. ఆ చుట్టు చీలిక మెలికకు గుర్తు. అడిగితే, నాలుగేళ్ళ కిందట వేరే చోట ముందు స్ప్రింగులు మార్పించినట్టు, అప్పుడు ఎడమ ఆర్ము బోల్టులు వదులు చేసినట్టు యజమాని చెప్పారు. వాటిని యాక్సిల్ వేలాడుతుండగానే మళ్ళీ బిగించి ఉంటారని నా నిర్ణయం. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్టుకు కరుచుకుపోతుంది. అది ఏ కోణంలో కరుచుకుంటే ఆ కోణమే రబ్బరుకు విశ్రాంతి స్థానం. గాలిలో బిగించిన బండిని నేల మీద దించగానే రబ్బరు మెలిపడుతుంది, ఇక ఆ బండి నిలబడి ఉన్నంతసేపూ ఆ మెలికతోనే ఉంటుంది. నాలుగేళ్ళు అలా నిలబడిన రబ్బరు ఇలాగే తెగుతుంది.

యజమాని ఎడమవైపు మాత్రమే మార్చమన్నారు. నేను ఆరూ మార్చాలని పట్టుబట్టాను. ఒకవైపు కొత్త రబ్బరు, ఇంకోవైపు పద్దెనిమిదేళ్ళు దాటిన రబ్బరు ఉంటే రెండు వైపుల మెత్తదనం సమానంగా ఉండదు. అప్పుడు ఎడమకు లాగిన బండి కుడికి లాగే ప్రమాదం ఉంది. మరో ప్రశ్న, గట్టి పాలీయురెథేన్ బుష్‌లు వేద్దామా అని. అవి నూనెను బాగా తట్టుకుంటాయి, చాలాచోట్ల మంచివే. కానీ ముందే చెప్పినట్టు, ఈ కట్టుబడిలో యాక్సిల్ మెలికను భరించవలసింది బుష్‌లే. అవి గట్టివైతే ఆ బలం బ్రాకెట్టుల వెల్డింగుల మీదికి పోతుంది. రాళ్ళ దారిలో తిరిగే ఈ బండికి కంపెనీ రబ్బరే సరైనదని చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.

పాత బుష్‌లు తీసేముందు ఒక్కొక్కటి ఏ దిక్కుగా కూర్చుందో ఆర్ము మీద పెయింటుతో గుర్తు పెట్టుకున్నాము. రబ్బరును గ్యాసు మంటతో కాల్చి తీసే అలవాటు చాలా షెడ్డుల్లో ఉంది. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆ వేడి ఆర్ముకూ మంచిది కాదు. 20 టన్నుల ప్రెస్సు మీద, బయటి పొర అంచుకు సరిపోయే పైపు ముక్క పెట్టి తోశాము. ఎడమ వెనక బుష్ ఒక్కటే గంటన్నర మొరాయించింది. కొత్తవి ఎక్కించాక బోల్టులన్నీ చేతితో తిరిగేంత వదులుగానే ఉంచి, బండిని నేల మీద దించి, ఇసుక సంచులు తీసేసి, బంపరు మీద నిలబడి నాలుగుసార్లు ఊపి, స్ప్రింగులు సర్దుకున్నాక, కింద పడుకుని టార్క్ రెంచితో బిగించాము. చోటు ఇరుకు, చేతులు నొప్పి పుడతాయి, అయినా దీనికి దగ్గరి దారి లేదు. స్టీరింగ్ బాక్స్ సీలు కూడా అదే రోజు మార్చాము. అది మార్చకపోతే కొత్త ముందు బుష్‌కూ అదే గతి పట్టేది.

పని మొత్తం రెండు రోజులు పట్టింది. ఈసారి బండిని నేనే సైక్ దాకా తీసుకుపోయి, పళ్ళ పెట్టెలతో దించాను. స్టీరింగు మీద రెండు వేళ్ళు మాత్రమే ఆనించి బ్రేకు వేస్తే బండి గీత గీసినట్టు నేరుగా ఆగింది. అలైన్‌మెంటులో క్యాస్టర్ రెండు వైపులా 2.8 డిగ్రీలకు వచ్చింది. కుడివైపు బుష్‌లు చెడకపోయినా వయసుతో కొంత కుంగాయని దీన్నిబట్టి తెలుస్తోంది. 500 కి.మీ. తర్వాత బోల్టులు మళ్ళీ చూశాము, ఏదీ వదులు కాలేదు.

ఏప్రిల్‌లో, కొండ మీద రోజా పూల కాలంలో, బండి ఆయిల్ మార్చడానికి వచ్చింది. అడగకపోయినా అదే ఫోను, అదే ఇసుక సంచులతో ఇంకోసారి చూశాను. ఎడమ రెండు మి.మీ., కుడి రెండు మి.మీ., చప్పుడు లేదు. స్టీరింగ్ బాక్స్ సీలు కింద వేలు పెట్టి తుడిస్తే పొడి దుమ్ము మాత్రమే అంటింది.